ఖండించారు సరే, ఆ తర్వాత? ఉగ్రదాడి జరిగాక దేశాలు పలికే సంఘీభావంలో ఏముంటుంది

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపాక రెండు మూడు రోజులు టీవీల్లో కింద పరుగెత్తే స్క్రోలింగ్ అంతా ఒకే తీరుగా ఉంది. ఫలానా దేశం ఖండించింది, ఫలానా ప్రధాని ఫోన్ చేశారు, ఫలానా అధ్యక్షుడు భారత్‌కు అండగా ఉంటామన్నారు. పదిహేను రోజులు గడిచాయి. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అంతే, అండగా ఉంటామన్న దేశాల్లో చాలావరకు గొంతు మార్చి "రెండు దేశాలూ సంయమనం పాటించాలి" అన్నాయి. నల్లగొండ గడియారం సెంటర్ హోటళ్లలో చాయ్ తాగుతూ పేపర్ చదివేవాళ్లు అప్పుడు ఒకరినొకరు అడిగిన మాట ఒక్కటే: మొన్న ఖండించింది వీళ్లే కదా, మరి ఆ ఖండనకు అర్థమేంది?

ప్రశ్న న్యాయమైనదే. ఉగ్రవాదం మన జిల్లాలకు టీవీలో చూసే సంగతి మాత్రమే కాదు. 2013 ఫిబ్రవరి 21న బాంబులు పేలిన దిల్‌సుఖ్‌నగర్, నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్లే ఎవరికైనా తెలిసిన చోటు. కోచింగ్ కోసం మన పిల్లలు గదులు అద్దెకు తీసుకుని ఉండే ఏరియా అది. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండ్‌లో అర్ధరాత్రి తనిఖీ చేస్తున్న పోలీసులపై కాల్పులు జరిపినవాళ్లు మధ్యప్రదేశ్ జైలు నుంచి పారిపోయి వచ్చిన ఉగ్రవాద కేసుల నిందితులు. కాబట్టి "ఖండిస్తున్నాం" అనే మాట బరువెంతో తెలుసుకోవాలని ఇక్కడి మనిషి అడిగితే అది ఊరికే కాలక్షేపానికి అడిగే ప్రశ్న కాదు.

## సంతాపం, ఖండన, సంఘీభావం: మూడు వేర్వేరు పనులు

వార్తల్లో ఈ మూడింటినీ కలిపేసి రాస్తారు. దౌత్యంలో మాత్రం దేని లెక్క దానిదే.

సంతాపం చనిపోయినవాళ్ల గురించి. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అన్న ఊసు అందులో ఉండక్కర్లేదు. ఖండన చంపినవాళ్ల గురించి, ఆ పని తప్పని చెప్పడం. సంఘీభావం బాధిత దేశం గురించి. "ఈ విషయంలో మేము మీ పక్కన ఉన్నాం" అనడం. మన ఊళ్లో హత్య జరిగిన ఇంటికి పోయి పరామర్శించి వచ్చేవాళ్లు వంద మంది ఉంటారు. వాళ్లలో చంపినవాణ్ని పేరు పెట్టి తిట్టేవాళ్లు కొద్దిమందే. రేపు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పేవాళ్లు ఒకరో ఇద్దరో. దేశాల మధ్య కూడా ఈ తేడాలన్నీ ఉన్నాయి. ప్రకటనలో ఎంతవరకు పోవాలో ముందే లెక్క చూసుకుని రాస్తారు.

మనం శత్రువుగా చూసే దేశంలో దాడి జరిగినప్పుడు ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 2014 డిసెంబర్ 16న పాకిస్తాన్‌లోని పెషావర్‌లో ఆర్మీ పబ్లిక్ స్కూల్‌పై తాలిబన్లు దాడి చేసి 130 మందికి పైగా పిల్లలను చంపారు. ప్రధాని మోదీ ఆ రాత్రే నవాజ్ షరీఫ్‌కు ఫోన్ చేశారు. మర్నాడు దేశంలోని బడులన్నీ రెండు నిమిషాలు మౌనం పాటించాలని కోరారు. నల్లగొండ దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో ఆ రోజు ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు "పాకిస్తాన్ పిల్లలకా సార్?" అని అడిగాడని అక్కడ పనిచేసిన టీచర్ ఒకాయన నాతో చెప్పారు. "అవును, నీలాంటి పిల్లలకే" అన్నారట ఆయన. పిల్లవాడు ఇంకేమీ అడగకుండా వరుసలో నిలబడ్డాడట.

ఇక్కడిదాకా సంతాపమూ ఉంది, ఖండనా ఉంది. తర్వాత జరిగింది కూడా చూడాలి. పెషావర్ దాడి జరిగిన రెండు రోజులకే, ముంబై 26/11 దాడి కేసులో నిందితుడైన లఖ్వీకి పాకిస్తాన్ కోర్టు బెయిల్ ఇచ్చింది. దాన్ని తప్పుపడుతూ మన లోక్‌సభ తీర్మానం చేసింది. అదే వారంలో, అదే దేశం విషయంలో ఒకపక్క మౌనం, ఇంకోపక్క నిరసన తీర్మానం. రెండూ నిజమైనవే. చనిపోయిన పిల్లలకు నివాళి ఇచ్చినంత మాత్రాన ఆ దేశ ప్రభుత్వ విధానాన్ని ఒప్పుకున్నట్టు కాదు.

## కలెక్టరేట్ మీద జెండా సగానికి దించాలని ఎవరు చెబుతారు?

విదేశాల్లో ఏదైనా పెద్ద దాడి జరిగినప్పుడు "మన దగ్గర జెండా ఎందుకు అవనతం చేయలేదు" అని సోషల్ మీడియాలో అడుగుతుంటారు. అది కలెక్టర్ చేతిలోనో, ముఖ్యమంత్రి చేతిలోనో ఉండే పని కాదు. విదేశీ ప్రముఖుల విషయంలో కేంద్ర హోం శాఖ ఆదేశం రావాలి. ఆదేశం వస్తే నల్లగొండ కలెక్టరేట్ నుంచి ఢిల్లీ దాకా జెండా ఎగిరే ప్రతి ప్రభుత్వ భవనం మీదా ఒకే రోజు సగానికి దించుతారు. ఆ రోజు అధికారిక వినోద కార్యక్రమాలు ఉండవు.

ఈ సంతాప దినాలు మన దేశంలో ప్రధానంగా పదవిని బట్టి నడుస్తాయి. జపాన్ మాజీ ప్రధాని షింజో అబేకు 2022 జులై 9న, బ్రిటన్ రాణికి అదే ఏడాది సెప్టెంబర్ 11న, హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన ఇరాన్ అధ్యక్షుడు రైసీకి 2024 మే 21న ప్రకటించారు. విదేశంలో ఉగ్రదాడికి బలైన మామూలు జనం కోసం జెండా దించే అలవాటు మనకు లేదు. అందుకే పెషావర్ పిల్లల కోసం బడుల్లో మౌనం పాటించమనడం అంత అరుదైన సంగతి అయింది.

## భద్రతా మండలిలో ఒక్కో మాట ఎలా పడుతుంది

"ఐరాస ఖండించింది" అనే వార్త వెనుక కనీసం మూడు రకాల కాగితాలు ఉంటాయి. ఐరాస భద్రతా మండలిలో 15 దేశాలు సభ్యులు. అందులో వీటో అధికారం ఉన్న శాశ్వత సభ్యదేశాలు ఐదు.

అన్నిటికన్నా పైది తీర్మానం. దానికి కనీసం 9 ఓట్లు రావాలి, ఐదింటిలో ఏదీ వీటో చేయకూడదు. దాని కింద అధ్యక్ష ప్రకటన. అందరూ ఒప్పుకుంటే మండలి సమావేశంలో చదివి రికార్డుల్లోకి ఎక్కిస్తారు. ఆఖరుది పత్రికా ప్రకటన. దీనికీ 15 దేశాల ఒప్పుదల కావాలి, కానీ దీన్ని పాటించి తీరాలని ఎవరికీ కట్టుబాటు లేదు. ఉగ్రదాడుల తర్వాత సాధారణంగా వచ్చేది ఈ మూడో రకమే.

అందరూ ఒప్పుకోవాలి అన్న ఆ ఒక్క నిబంధన దగ్గరే మొత్తం ఆట ఉంది. ఒక్క సభ్యదేశం ఒక్క మాట దగ్గర మొండికేసినా ఆ మాట మెత్తబడాలి, లేదా ఎగిరిపోవాలి. మన దేశానికే సంబంధించిన రెండు ప్రకటనలు పక్కపక్కన పెట్టి చదివితే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. మండలి ప్రకటన రావడానికి వారం పట్టింది, ఫిబ్రవరి 21న వచ్చింది. కానీ అందులో జైషే మహ్మద్ పేరు ఉంది. అన్ని దేశాలూ "భారత ప్రభుత్వంతోనూ, సంబంధిత అధికారులతోనూ" సహకరించాలని ఉంది. చైనా దీనికి ఒప్పుకుంది. ఒప్పుకుని, మర్నాడే ఆ పేరు ప్రస్తావన తీర్పు కిందికి రాదని వివరణ ఇచ్చింది.

2025 పహల్గామ్ ప్రకటన మూడు రోజుల్లోనే, ఏప్రిల్ 25న వచ్చేసింది. మాటల ఘాటు తగ్గలేదు. దాడి చేసినవాళ్లను, చేయించినవాళ్లను, డబ్బు సమకూర్చినవాళ్లను చట్టం ముందు నిలబెట్టాలని అందులో ఉంది. కానీ రెండు చోట్ల తేడా వచ్చింది. దాడి తమదేనని మొదట చెప్పుకున్న ది రెసిస్టెన్స్ ఫ్రంట్ పేరు లేదు. "భారత ప్రభుత్వంతో సహకరించాలి" అన్న ముక్క లేదు, "సంబంధిత అధికారులందరితో" అని మాత్రం మిగిలింది. ఆ సమయంలో పాకిస్తాన్ స్వయంగా మండలి సభ్యదేశం. పేరు తీయించింది తామేనని ఆ దేశ ఉప ప్రధాని ఇషాక్ దార్ తమ పార్లమెంటులోనే చెప్పుకున్నారు.

మూడు నాలుగు మాటలకు ఇంత గొడవ ఎందుకు? ఒక కాగితంలో పడిన మాట తర్వాతి కాగితానికి ఆధారమవుతుంది, అందుకు. మండలి కింద 1267 ఆంక్షల కమిటీ అని ఒకటి ఉంది, 1999లో పెట్టారు. అది ఒకరిని జాబితాలో చేరిస్తే ఆస్తులు స్తంభింపజేయాలి, ప్రయాణాలు ఆపాలి, ఆయుధాలు అందకుండా చూడాలి. ఇది అన్ని దేశాలూ పాటించి తీరాల్సిందే. కానీ ఈ కమిటీలోనూ ఏకాభిప్రాయమే పద్ధతి. జైషే అధిపతి మసూద్ అజర్‌ను చేర్చాలని భారత్ 2009 నుంచి ప్రయత్నించింది. చైనా మళ్లీ మళ్లీ అడ్డుపడింది. పుల్వామా తర్వాత 2019 మార్చిలో కూడా ఆపింది. ఒత్తిడి పెరిగి చివరికి 2019 మే 1న ఒప్పుకుంది. పదేళ్ల పని అది. ఖండన ప్రకటనను గాలిమాట అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించలేనిది ఇక్కడే. ఒంటరిగా చూస్తే అది గాలిమాటే, వరుసలో చూస్తే తాళం తీసే మొదటి ప్రయత్నం.

పహల్గామ్ విషయంలోనూ కథ ఏప్రిల్ 25తో ఆగలేదు. అదే ఏడాది జులైలో అమెరికా ది రెసిస్టెన్స్ ఫ్రంట్‌ను విదేశీ ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. ఐరాస ఆంక్షల కమిటీకి నివేదికలిచ్చే నిపుణుల బృందం కూడా తన నివేదికలో ఆ పేరు రాసింది. ముందు తలుపు దగ్గర ఆగిపోయిన పేరు పక్క తలుపు నుంచి లోపలికి వచ్చినట్టయింది.

ఇంకో సంఘటన. 2025 జూన్‌లో చైనాలోని చింగ్‌దావ్‌లో, భారత్, చైనా, పాకిస్తాన్ సభ్యులుగా ఉన్న షాంఘై సహకార సంస్థ రక్షణ మంత్రుల సమావేశం జరిగింది. ఉమ్మడి ప్రకటన ముసాయిదాలో పహల్గామ్ ఊసు లేదు, పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ ప్రస్తావన ఉంది. రాజ్‌నాథ్ సింగ్ సంతకం పెట్టలేదు. ప్రకటనే రాలేదు. సెప్టెంబర్ 1న తియాన్‌జిన్‌లో అదే సంస్థ దేశాధినేతల ప్రకటనలో పహల్గామ్ దాడిని ఖండించారు. పాకిస్తాన్‌లో జరిగిన జాఫర్ ఎక్స్‌ప్రెస్ రైలు దాడిని కూడా అదే ప్రకటనలో ఖండించారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే.

## తొందరపడి పేరు పెడితే: మాడ్రిడ్ 2004

పేరు రాయకపోవడం ఎప్పుడూ పిరికితనం కాదు. 2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో లోకల్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. ఆ రోజే భద్రతా మండలి 1530 నంబరు తీర్మానం చేసింది, ఏకగ్రీవంగా. దాడి చేసింది బాస్క్ వేర్పాటువాద సంస్థ ఈటీఏ అని అందులో రాసేసింది. స్పెయిన్ ప్రభుత్వం గట్టిగా అడిగింది, కష్టంలో ఉన్న దేశం మాట కాదనలేక అందరూ చేతులెత్తారు.

అది తప్పని కొద్ది రోజుల్లోనే తేలింది. దాడి చేసింది అల్‌ఖైదా భావాలున్న ముఠా. మూడు రోజుల తర్వాత జరిగిన ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. తీర్మానం మాత్రం రికార్డుల్లో అలాగే ఉండిపోయింది. "ముందు దర్యాప్తు కానివ్వండి" అని ఏ దేశమైనా అన్నప్పుడు అందులో కొంత రాజకీయం ఉండొచ్చు, కానీ మాడ్రిడ్ అనుభవం కూడా ఉంది. మన దేశంలో జరిగిన దాడి విషయంలో ఎవరైనా ఆ మాట అంటే మనకు మంటగానే ఉంటుంది, అది సహజం. అయినా మాడ్రిడ్‌ను పక్కన పెట్టి ఈ వాదాన్ని తూచలేం.

## ఎవరి చావుకు దీపాలు వెలుగుతాయి

2015 నవంబర్ 12న లెబనాన్ రాజధాని బీరుట్‌లో జంట పేలుళ్లు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. మర్నాడు రాత్రి పారిస్‌లో దాడులు, 130 మంది చనిపోయారు. రెండూ ఇస్లామిక్ స్టేట్ పనే. సిడ్నీ ఒపేరా హౌస్ నుంచి బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ గేటు దాకా, దుబాయ్ బుర్జ్ ఖలీఫా సహా, ఫ్రెంచి జెండా రంగుల్లో వెలిగాయి. ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ ఫొటోల మీదా అవే మూడు రంగులు. లెబనాన్ జెండా ఎక్కడా కనిపించలేదని బీరుట్ జనం బాధపడ్డారు. మా చావులకు విలువ లేదా అని అడిగారు.

దీని మీద రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. ఒకటి, మనుషులు తమకు పరిచయమైన చోటు గురించే ఎక్కువ బాధపడతారు, అది ద్వేషం కాదు. పారిస్ కోట్లమంది చూసిన ఊరు, సినిమాల్లోనైనా చూసిన ఊరు. రెండోది, ప్రైవేటు మనిషి దుఃఖం వేరు, ప్రభుత్వ భవనం మీద దీపం వేరు. ప్రభుత్వం దీపం వెలిగిస్తే అది విధానం కిందికి వస్తుంది, విధానానికి కొలత ఒక్కటే ఉండాలి.

బెర్లిన్‌లో ఈ కొలత ప్రశ్న సూటిగానే వచ్చింది. 2017 ఏప్రిల్‌లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ మెట్రోలో బాంబు పేలినప్పుడు బ్రాండెన్‌బర్గ్ గేటు మీద రష్యా రంగులు వెలగలేదు. బెర్లిన్‌తో జంట నగర ఒప్పందం ఉన్న ఊళ్లకే వెలిగిస్తామని నగర పాలకులు చెప్పారు. మరి అలాంటి ఒప్పందం లేని జెరూసలేం, ఓర్లాండోలకు అంతకుముందు ఎలా వెలిగించారని జర్మన్లే నిలదీశారు. నాకు రెండో వాదమే బలంగా అనిపిస్తుంది. నియమం అంటూ ఒకటి పెట్టుకుంటే దాన్ని పాటించాలి. లేకపోతే వెలగని దీపం కూడా ఒక ప్రకటనలాగే వినిపిస్తుంది.

## మాట దాటి ఖర్చు పెట్టిన సందర్భాలు

కొన్నిసార్లు సంఘీభావానికి సైన్యం, డబ్బు, ప్రాణాలు పణంగా పెడతారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల మర్నాడే నాటో సైనిక కూటమి తన ఒప్పందంలోని 5వ అధికరణాన్ని వాడింది. ఒకరి మీద దాడి అందరి మీదా దాడిగా చూడాలని చెప్పే అధికరణం అది. 1949 నుంచి దాన్ని వాడింది ఆ ఒక్కసారే. కాగితం మీదే ఆగలేదు. 13 దేశాల సిబ్బందితో నాటో నిఘా విమానాలు నెలల తరబడి అమెరికా ఆకాశంలో కాపలా తిరిగాయి. 2015లో పారిస్ దాడుల తర్వాత ఫ్రాన్స్ ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని పరస్పర సాయం నిబంధనను మొదటిసారి వాడింది. జర్మనీ నిఘా విమానాలనూ, యుద్ధ నౌకనూ పంపింది, 1,200 మంది సైనికుల వరకు పంపడానికి పార్లమెంటులో ఓటు వేసుకుంది.

ఇలాంటి కూటముల్లో భారత్ లేదు. కావాలనే లేదు. కాబట్టి మనకెవరూ 5వ అధికరణం వాడి రారు, మనమూ ఎవరికీ వెళ్లం. పహల్గామ్ తర్వాత ఏడు అఖిలపక్ష బృందాలు ముప్పైకి పైగా దేశాలు తిరిగి మన వాదన చెప్పాల్సి రావడానికి ఇదీ ఒక కారణమే. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఒక బృందంలో సభ్యుడిగా సౌదీ, కువైట్, బహ్రెయిన్, అల్జీరియాలు వెళ్లారు. ఇంట్లో ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించే నాయకుడు బయట దేశం తరఫున నిలబడితే ఎదుటివాళ్లు వినే తీరు వేరుగా ఉంటుంది.

మన దేశం చేసిన సంఘీభావాల్లో ఖరీదైనది ఏమిటంటే నేను కొలంబో పేరు చెబుతాను. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాడు శ్రీలంకలో చర్చిలు, హోటళ్ల మీద ఆత్మాహుతి దాడుల్లో 260 మందికి పైగా చనిపోయారు. టూరిస్టులు రావడం బాగా తగ్గిపోయింది, ఆ దేశానికి అది పెద్ద ఆదాయాల్లో ఒకటి. జూన్ 9న మోదీ అక్కడ దిగి, బాంబు పేలిన సెయింట్ ఆంటోనీ చర్చికి వెళ్లారు. దాడుల తర్వాత అక్కడికి వెళ్లిన మొదటి విదేశీ నేత ఆయనే. ఆ దేశం భద్రంగానే ఉందని బయటి ప్రపంచానికి చెప్పడానికి ఫోన్ కాల్ కన్నా ఆ కొన్ని గంటలే ఎక్కువ పనికొచ్చాయి.

న్యాయస్థానం దాకా వెళ్లే సంఘీభావం మాత్రం చాలా నెమ్మది. 2008 నవంబర్ 26 ముంబై దాడుల్లో 166 మంది చనిపోయారు. కాల్పులు మొదలైన చోట్లలో సీఎస్టీ స్టేషన్ ఒకటి, ముంబైకి వలసపోయే పాలమూరు కూలీలకు అది కొత్త చోటు కాదు. చనిపోయినవాళ్లలో ఆరుగురు అమెరికన్లు ఉన్నారు. ఎఫ్‌బీఐ అధికారులు కసబ్ విచారణలో సాక్ష్యం చెప్పారు. కుట్రలో పాత్ర ఉందన్న తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్ 10న అమెరికా నుంచి ఢిల్లీకి తెచ్చారు, దాడి జరిగిన పదహారేళ్లకు. రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీని మాత్రం అప్పగించలేదు. నేరం ఒప్పుకుంటే భారత్‌కు పంపబోమని అమెరికా ప్రాసిక్యూటర్లు అతనితో ఒప్పందం చేసుకున్నారు. అక్కడే 35 ఏళ్ల శిక్ష పడింది. సంఘీభావం ఒక దేశపు సొంత చట్టం, సొంత అవసరం దాకా వచ్చి ఎక్కడ ఆగుతుందో ఈ రెండు పేర్లు చూపిస్తాయి.

## "అండగా ఉన్నాం" అన్నాక ఓటు ఎటు వేయాలి?

2023 అక్టోబర్ 7న హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసిన రోజే మోదీ ఉగ్రదాడిగా ఖండించి, ఇజ్రాయెల్‌కు సంఘీభావం తెలిపారు. ఐదు రోజులకు విదేశాంగ శాఖ స్వతంత్ర పాలస్తీనా విషయంలో భారత్ పాత వైఖరి మారలేదంది. అక్టోబర్ 22న గాజా జనానికి మందులు, సహాయ సామగ్రితో విమానం వెళ్లింది. 27న ఐరాస సర్వసభ్య సభలో కాల్పుల విరమణ కోరే తీర్మానం వచ్చినప్పుడు, హమాస్ దాడి ఖండన అందులో లేదని భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. డిసెంబర్ 12న అలాంటిదే ఇంకో తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది.

ఇది నిలకడ లేనితనమని విమర్శించినవాళ్లున్నారు. గాజాలో జనం చనిపోతుంటే ఓటింగ్‌కు దూరంగా ఉండటం మన పాత సంప్రదాయానికి తగదన్నారు. అటువైపువాళ్లు, దాడిని ఖండించడం ఒకటి, దానికి ప్రతిగా జరిగే ప్రతి చర్యకూ వంత పాడటం ఇంకొకటి అన్నారు. గమనించాల్సింది ఏమిటంటే, సిందూర్ తర్వాత "సంయమనం" అన్న దేశాలు మనకు చెప్పింది కూడా సరిగ్గా ఈ రెండో వాదమే. దాడి తప్పు, మీ దుఃఖంలో మీతో ఉన్నాం, ప్రతిదాడి మాత్రం మీ నిర్ణయం. ఇజ్రాయెల్ మన ఆత్మరక్షణ హక్కును సూటిగా సమర్థించింది. తుర్కియే, అజర్‌బైజాన్ పాకిస్తాన్ పక్కకు వెళ్లాయి. మిగతా చాలా దేశాలు మధ్యలో నిలబడ్డాయి. గడియారం సెంటర్ ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది: ఏప్రిల్‌లో అవి ఖండించింది నేరాన్ని. మేలో వాటిని అడిగింది యుద్ధం గురించి.

వీటన్నిటి అడుగున ఇంకా తెగని చిక్కు ఒకటుంది. ఉగ్రవాదం అంటే ఏమిటో ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న నిర్వచనం నేటికీ లేదు. సమగ్ర ఒప్పందం ఒకటి కావాలని భారత్ 1996లోనే ఐరాసలో ముసాయిదా పెట్టింది. స్వాతంత్ర్య పోరాటాలను దీని కిందికి తేవచ్చా, దేశాల సైన్యాలు చేసే పనులు వస్తాయా అన్న దగ్గర అది ఆగిపోయింది. నిర్వచనం లేదు కాబట్టే ప్రతి దాడికీ ప్రకటనలో ప్రతి మాటనూ మొదటి నుంచి బేరమాడుకోవాల్సి వస్తోంది.

## మన మనిషి అక్కడ ఉంటే

నల్లగొండ నుంచి చదువులకు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు, పాలమూరు నుంచి పనికోసం గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని మండలం ఉండదేమో. 2022 జనవరి 17న యెమెన్ హౌతీలు అబుధాబిలో చమురు నిల్వ కేంద్రం మీద దాడి చేసినప్పుడు చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. ముగ్గురూ పొట్టకూటికి వెళ్లినవాళ్లే. అప్పుడు భద్రతా మండలిలో భారత్, యూఏఈ రెండూ సభ్యదేశాలు. నాలుగు రోజుల్లో ఖండన ప్రకటన వచ్చింది.

ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ ప్రకటనతో పని లేదు. మరణ ధ్రువీకరణ పత్రం, అక్కడి పోలీసు రిపోర్టు, ఎంబసీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు, ఆ తర్వాతే శంషాబాద్ కార్గోకు శవపేటిక. భాష రాని తమ్ముడో బావమరిదో ఫోన్ పట్టుకుని ఈ కాగితాల కోసం తిరుగుతుంటాడు, టెన్షన్‌తో నిద్ర ఉండదు. ఇలాంటప్పుడు వాడటానికే విదేశాంగ శాఖ 2015లో మదద్ పోర్టల్ తెచ్చింది. దిక్కులేని పరిస్థితిలో శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చును ఎంబసీలు 2009లో పెట్టిన సంక్షేమ నిధి నుంచి భరించవచ్చు. దౌత్యం మీద నేను చదివినదాంట్లో అన్నిటికన్నా తక్కువ రాసింది ఈ పని గురించే, అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది కూడా ఇదే.

ఈ విషయంలో న్యూజీలాండ్ చేసింది చెప్పుకోవాలి. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో ఒక తెల్లజాతి దురహంకారి 51 మందిని చంపాడు. చనిపోయినవాళ్లలో భారతీయులు ఉన్నారు, హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ప్రధాని జసిండా ఆర్డెర్న్ తలకు స్కార్ఫ్ కట్టుకుని కుటుంబాలను కౌగిలించుకున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. ఫొటో వెనుక పని కూడా జరిగింది. బాధితుల బంధువులకు వీసాలు త్వరగా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ దేశపు ప్రమాద బీమా పథకం పౌరసత్వం చూడకుండా అందరికీ వర్తిస్తుంది. కొన్ని వారాల్లోనే, ఆ రోజు మసీదుల్లో ఉండి బయటపడ్డవాళ్లకూ, బాధితుల దగ్గరి కుటుంబ సభ్యులకూ శాశ్వత నివాసం ఇచ్చేలా ఒక ప్రత్యేక వీసా విభాగాన్నే సృష్టించారు. తాత్కాలిక వీసా మీద వచ్చి, భర్తనో కొడుకునో పోగొట్టుకున్నవాళ్లు కూడా అప్పుడు దానికి దరఖాస్తు పెట్టుకునే వీలుండేది.